గట్టు దారిన ఇద్దరు

బుడమేరు కొల్లేటి వైపు సాగే నందివాడ ప్రాంతంలో కాలువ గట్లే ఊళ్ల దారులు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 వంటి పొదుపు బళ్లతో మోటారు సైకిలు పల్లె కుటుంబాల వాహనమైంది.

ఒంటరిగా తోలడం వచ్చినా, వెనక మనిషి ఎక్కగానే బండి తీరు మారుతుంది. బరువు వెనక చక్రం మీద పడి హ్యాండిల్ తేలికవుతుంది. వానకు నానిన నల్లరేగడి గట్టుపై ఇది చాలా ప్రమాదం. క్లచ్ మెల్లగా వదలడం, మలుపులో వెనకవారు బండితోపాటే ఒరగడం ముందుగా అలవడాలి.

1988 మోటారు వాహనాల చట్టం వెనక ఒక్కరినే అనుమతించింది. 1989 నిబంధనలు చేతిపట్టు, ఫుట్‌రెస్టు, చీర చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ తప్పనిసరి చేశాయి. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవారి లైసెన్సు) ఉన్నవారు నేర్పేవారిని తప్ప ఎవరినీ ఎక్కించుకోరాదు.