ఇంటింటికి వెళ్లి లెక్కించినవారు



నెహెమ్యా యెరూషలేము చేరిన తరువాత ఏమి చేసెనో మీరెరుగుదురు. గోడ కట్టుదము రండని వెంటనే పిలువలేదు. రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, ఏ గుమ్మము కాలినదో, ఎక్కడ ప్రాకారము కూలినదో కన్నులార చూచెను. కూలినచోటు తెలిసిన పిమ్మటనే పని ఆరంభమాయెను. మనుష్యుల ఆరోగ్యమును గూర్చిన చరిత్రలోను ఈ క్రమమే కనబడుచున్నది.

1854 ఆగస్టు నెలాఖరున లండను పట్టణమందలి సోహో పేటలో కలరా చెలరేగి, కొద్ది వారములలో 600 మందికి పైగా మరణించిరి. చెడుగాలివలన ఈ రోగము వచ్చునని ఆ కాలపు పెద్దలు తలంచిరి. బీదల అలవాట్లే దీనికి మూలమని నిందించినవారును గలరు. డాక్టర్ జాన్ స్నో ఒక కూలివాని కుమారుడు. చనిపోయినవారు ఏ నీరు త్రాగిరని ఆయన విచారించగా, బ్రాడ్ వీథిలోని ఒక పంపు బయటపడెను. సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని తీసివేసిరి. తరువాత ఆయన ఆ మరణములను పటముమీద గుర్తించి, అవి పంపు చుట్టు ఎట్లు గుంపుగూడెనో లోకమునకు చూపెను.

ఆ పేటలో హెన్రీ వైట్‌హెడ్ అను యువ బోధకుడుండెను. ఆయన స్నో మాటను మొదట నమ్మలేదు. అది తప్పని చూపవలెనని యింటింటికి వెళ్లి విచారించి, చివరకు అదియే నిజమని ఒప్పుకొనెను. ఆ పంపు ఎదుటి యింటిలో మరణించిన పసిబిడ్డ బట్టలు ఉతికిన నీరు, పంపు ప్రక్కనున్న మురుగుగుంటలో పోయబడెనని కనుగొన్నవాడు ఆయనే. ఆ కుటుంబములు ఆయనను ఎరిగియుండెను గనుక తలుపు తీసి, జరిగినది చెప్పిరి.

మన సోంపేటకును ఇట్టి చరిత్ర కలదు. ఇక్కడి ఆరోగ్యవరము ఆసుపత్రిలో కెనడా బాప్టిస్టు మిషనుకు చెందిన డాక్టర్ బెన్ గలిసన్ సేవచేసెను. కంటిలో శుక్లములు పెరిగి చూపుపోయిన బీదలను గూర్చి ఆయన కెనడాలోని కాల్గరీ పట్టణములో చెప్పగా, వినిన ఆర్ట్ జెంకిన్స్ అను వర్తకుడు కదిలింపబడెను. అట్లు 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ పుట్టెను. చికిత్స యున్నను చేతిలో డబ్బు లేనందున చీకటిలో కూర్చున్నవారు అందువలన చూపుపొందిరి.

నేడు ఈ తీరమున వేరొక వ్యాధి యున్నది. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములను కలిపి ఉద్దానమందుము. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చనైన ఈ సీమలో, పెద్దవారిని పరీక్షించినప్పుడు సుమారు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు కనబడెను. విశాఖపట్టణపు వైద్యుడు డాక్టర్ టి. రవిరాజు మొదలైనవారు ఊళ్లకు వచ్చి పరీక్షలు జరిపిరి. చక్కెర వ్యాధియు రక్తపోటును లేనివారిలోను ఈ జబ్బుండుట వారిని ఆశ్చర్యపరచెను. ఎండలో ఒళ్లు ఎండిపోవుట, భూమిలోని నీరు, పురుగుమందులు, నొప్పి మాత్రలు మున్నగువాటినన్నిటిని శోధించినను, ఇదియే కారణమని యింకను తేలలేదు.

అయితే లోకపటమును చూడుడి. శ్రీలంక ఉత్తర మధ్య భాగమున వరి పండించువారికి, ఎల్ సాల్వడార్, నికరాగువా దేశములలో చెరకు నరకు కూలీలకు ఇట్టి వ్యాధియే వచ్చుచున్నది. కారణము తేలకపోయినను, ఎవరిమీద పడుచున్నదో తెలియుచున్నది. ఎండలో ఒళ్లు వంచి బ్రదుకు పేదలమీద పడుచున్నది.

పడినపిమ్మటను భారము సమానము కాదు. డయాలసిస్ వారమునకు రెండు మూడు పర్యాయములు, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు పట్టును. దగ్గరలో ఆ వసతి లేనప్పుడు సుమారు 200 కిలోమీటర్ల దూరములోని విశాఖపట్టణమునకు పోవలసియుండెను. ధనవంతునికి అది ప్రయాణము మాత్రమే. కూలివానికి ఆ దినపు కూలి పోయెను, తోడు వచ్చినవారి కూలియు పోయెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటలను కూల్చినప్పుడు అనేకులకు ఆ ఆధారమును పోయెను. వైద్యులకు తనకు కలిగినదంతయు వ్యయము చేసిన స్త్రీని సువార్తలో చదువుదుము. ఆమె వంటివారు మన వీథిలోనే యున్నారు.

లెక్క తేలినందున సహాయమును వచ్చెను. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలాయెను. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు కిడ్నీ పరిశోధన కేంద్రమును తెరువబడెను. ఆ దినముననే, సుమారు 700 కోట్ల రూపాయల ఖర్చుతో హిరమండలము జలాశయపు నీటిని ఉద్దానమునకు తెచ్చు పథకమును ఆరంభమాయెను.

ప్రియులారా, ఆసుపత్రి కట్టుట మన చేతిలో లేదు. ఇంటింటికి వెళ్లుట మన చేతిలో నున్నది. ఈ జబ్బు చాలకాలము నొప్పిలేక దాగియుండును. రక్తములో క్రియాటినిన్ పరీక్షించినచో ముందుగా తెలియును. మీ సంఘములో ఎవరు పరీక్ష చేయించుకొనలేదో, ఎవరికి తోడు లేక డయాలసిస్ తప్పిపోవుచున్నదో, ఏ యింటికి పింఛను అందలేదో స్త్రీల సమాజమును యౌవనులును వ్రాసికొని, ఆ పట్టికను ఆరోగ్య కార్యకర్తకు చూపుడి. ఉద్దానపు ఊళ్లకు పిల్లనిచ్చుటకు వెనుదీయువారు కలరు; వారివలె మనము ఉండరాదు. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవడు పాపము చేసెనని శిష్యులడిగినప్పుడు, ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసి, వానికి చూపునిచ్చెను.

నెహెమ్యా కాలములో అనేకులు తమ తమ యింటి యెదుటి గోడను బాగుచేసిరి. మన యింటి యెదుట ఏ గోడ కూలియున్నదో ఈ వారమే వెళ్లి చూతము. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.