రాతిగోడపై తాపీనది

సూరతు నగరమునకు పోయిన తెలుగువాడు మొదట వెదకునది కోటను కాదు, తనవారిని. మగ్గముల పనికై తెలంగాణమునుండి తరలివచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబములు అచ్చట వేలకొలదిగా ఉన్నవి. ఆ వీధులు దాటి తాపీనది ఒడ్డున నిలిచినచో చరిత్ర గ్రంథములలో చదివినదంతయు జ్ఞప్తికి వచ్చును: మొగలాయీల ఓడరేవు, 1613 నాటి ఆంగ్లేయుల వర్తకశాల, 1664లోను 1670లోను శివాజీ చేసిన దాడులు. నాకు మాత్రము ఆ నీటిని చూచినప్పుడు సూరతులో లేని యొక గోడ తలపునకు వచ్చును.

ఆ గోడ నాసిక్ సమీపమున త్రిరశ్మి కొండలోనిది. పదవ గుహ వసారాలో, వెనుకగోడ పైభాగమున, క్షహరాత క్షత్రపుడైన నహపానుని అల్లుడు ఉషవదాతుడు తన దానములను చెక్కించెను. ఈతని పేరును సంస్కృతము చేసి ఋషభదత్తుడనువారును కలరు. మూడు లక్షల గోవులు, పదునారు గ్రామములు, భరుకచ్ఛ దశపుర గోవర్ధన శూర్పారకములలో బాటసారులకు వసతిగృహములు, ఇట్లు జాబితా సాగును. నడుమ ఆరు నదుల పేర్లు వచ్చును. ఆ నదులపై కూలి పుచ్చుకొనక జనులను దాటించుటకు పడవలు ఏర్పరచినట్లును, రెండు గట్లమీదను చావళ్ళు, చలిపందిళ్ళు నిలిపినట్లును అందు ఉన్నది. ఆరింటిలో ఒకటి తాపీ. సూరతు పేరు ఎవరును ఎరుగని కాలమున ఈ రేవులలో పడవ దాటిన సామాన్యునిగూర్చి మనకు మిగిలిన సాక్ష్యము ఇంతే.

అయితే ఆ సాక్ష్యము దానంతటది మాటలాడదు. ఆ కాలపు లేఖకుడు మాటకును మాటకును నడుమ ఎడము విడువడు. ఆరు నదులును ఒకే సమాసముగా కలిసిపోయినవి. ఇబా, పారదా, దమణ, తాపీ, కరబేణా, దాహనుకా అని విడదీయవలెనన్న అక్షరజ్ఞానము చాలదు, ఆ ప్రాంతపు నీళ్ళు తెలిసియుండవలెను. తాపీ, దమణ, దాహనుకలు తేటగా ఉన్నవి. నేటి తాపీ, దమణగంగ, డహాణు వాగు అవియే. పారదా దక్షిణ గుజరాతులోని పార్ నది. ఈ నాలుగును నిలిచిన తరువాత మిగిలిన రెండింటిని వాని చుట్టుప్రక్కలనే వెదకవలెను. ఇబా అంబికయనియు, కరబేణా ఆ అంబికలో కలియు కావేరి యనియు ఊహించిరి. ఇది మన దక్షిణ కావేరి కాదు, ఆ పేరుగల చిన్న యేరు. చివరి రెండును ఊహలే. కాని తెలిసిన నాలుగింటి ఆధారము వానికి కలదు.

ఈ నదుల గుర్తింపులో పండిత భగవాన్‌లాల్ ఇంద్రజీ కృషి పెద్దది. ఆయన 1839లో జునాగఢ్‌లో జన్మించెను. ఊరి వెలుపల గిర్నార్ దారిలో ఒక పెద్ద బండ కలదు. దానిపై అశోకుని పదునాలుగు ధర్మలిపులు, రుద్రదాముని ప్రశస్తి, స్కందగుప్తుని కాలపు శాసనము చెక్కబడియున్నవి. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుమార్లు గెలిచియు దగ్గరి చుట్టరికముచేత విడిచిపెట్టితినని రుద్రదాముడు చెప్పుకొన్నది ఈ బండమీదనే. కొండకు బాట వేయువారు ఆ రాతిలో కొంత పగులగొట్టిరి. అశోకుని ఐదవ, పదుమూడవ లిపులకు అందువలననే నష్టము కలిగినది. జేమ్స్ ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించిన రెండేండ్లకు పుట్టిన ఈ బాలునికి, పాఠశాలకంటె ముందు ఆ బండయే ఓనమాలు దిద్దించినదనవచ్చును. తరువాత బొంబాయిలో డాక్టరు భావూ దాజీ కొలువున చేరి దేశమంతయు తిరిగి శాసనములకు నకళ్ళు తీసెను. ఆయన ఇంగ్లీషు పండితుడు కాడు. గుజరాతీలో వ్రాసినదానిని బ్యూలర్ వంటివారు ఇంగ్లీషులోనికి మార్చిరి. అట్టివానికి 1884లో లైడెన్ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. అనువాదకులు ఈ సంగతిని కొంత గర్వముతో తలచుకొనినను తప్పులేదు.

చెడిన శాసనమును చదువుట ఎట్లో చెప్పవలసియున్నది. మొదట గోడను నీటితో, మెత్తని కుంచెతో కడుగుదురు. తడిపిన కాగితమును అంటించి, అది అక్షరముల గుంటలలోనికి దిగునట్లు కుంచెతో కొట్టుదురు. పైన సిరా అద్దినచో ఎత్తైన రాయి నల్లబడి, లోతైన అక్షరము తెల్లగా మిగులును. దీనిని శాసనశాఖవారు ఎస్టాంపేజి యందురు. కాని కాగితము ఉలి దెబ్బకును వానదెబ్బకును భేదమెరుగదు. రెండును దానిపై తెల్లగానే పడును. కావున చదువరి మరల గోడకడకే పోయి, ఉదయమో సాయంకాలమో ఏటవాలుగా పడు వెలుతురులో చూడవలెను. బ్రాహ్మిలో తకారము నిటారు గీత క్రింద రెండు కాళ్ళు చాచినట్లుండును. పై గీత అరిగిపోయినచో మిగిలినది గకారమే. ఒక చుక్క అనుస్వారము కావచ్చును, రాతిలోని గుంట కావచ్చును. ఇప్పుడు పలుదిక్కులనుండి వెలుగు ప్రసరింపజేసి తీసిన ఛాయాచిత్రములను యంత్రముతో జతపరచుచున్నారు. దానివలన మేలు జరిగినది నిజమే. అయినను చుక్కా గుంటా అని తేల్చవలసినవాడు మనుష్యుడే.

త్రిరశ్మి కొండకే మరల వత్తము. అచ్చటి మూడవ గుహలో గౌతమీ బలశ్రీ, మనుమడు పులుమావి పందొమ్మిదవ రాజ్యవర్షమున, తన కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాత వంశమును నిశ్శేషము చేసెనని చెక్కించినది. ఇది తల్లి పొగడ్త మాత్రమేయని కొట్టివేయుటకు వీలులేకుండ 1906లో నాసిక్ సమీపమున జోగల్‌థెంబిలో 13,000కు పైగా నహపానుని వెండి నాణెములు దొరికినవి. వానిలో 9,000కు మించి గౌతమీపుత్రుని ముద్రతో మరల కొట్టబడినవి. ఆ రాజే, ఉషవదాతుడు అంతకుముందు అనుభవించిన పొలమును అచ్చటి భిక్షువులకు ధారపోసినట్లు ఆ గుహలోనే ఆజ్ఞ కలదు. నాకు ఆశ్చర్యము వేరొకటి. మామ నాణెములపై తన ముద్ర గుద్దించినవాడు, అల్లుని శాసనము జోలికి పోలేదు. పదవ గుహ గోడను చెక్కివేయుటకు ఒక్క దినము చాలియుండును. పరవంశమువాని దానమైనను దానమేయని విడిచెనో, భిక్షువులు అడ్డుపడిరో. అందువలన తాపీ పడవలు మనకు దక్కినవి.

అన్ని గోడలకును ఈ భాగ్యము లేదు. జున్నరునుండి కొంకణమునకు దిగు నానేఘాట్ కనుమలో శాతవాహనులు తొలిపించిన గది యొకటి కలదు. ఎడమ, కుడి గోడలమీద ఒక రాణి చేసిన యజ్ఞములు, ఇచ్చిన దక్షిణలు దీర్ఘముగా చెక్కబడినవి. వెనుకగోడమీద రాజకుటుంబపు ప్రతిమలు ఉండెడివి. ఇప్పుడు పాదముల జాడలును, పైన పేర్లును మిగిలినవి. మొదటిది శాతవాహన సిముకునిది. పురాణ లేఖకులు శిశుకుడనియు, సింధుకుడనియు, శిప్రకుడనియు చెడగొట్టిన పేరును ఈ రాయి సరిదిద్దినది.

ప్రక్కగోడల శాసనము మాత్రము పెచ్చులుగా రాలినది. రాణి పేరు ఉండవలసినచోట రాయియే లేదు. వెనుకగోడ పేర్లలో శాతకర్ణితో కలిసి దేవి నాయనిక కనబడుటచేత, యజ్ఞములు చేసినది ఆమెయే యనిరి. మనము నాగానిక అని పాఠ్యపుస్తకములలో చదువుచున్నది ఈ విధముగా కూర్చిన పేరే. 1883లో బ్యూలర్ వేదిసిరి యని చదివిన రాజకుమారుని పేరును తరువాతివారు ఖందసిరి యనిరి. రెండక్షరములు మారగా సింహాసనమెక్కినవాడే మారిపోయెను. అనువాదమున మూలము తెగినచోట నేనును ఒక మాట పెట్టి అతికినవాడనే. చదువరి ఆగకుండ సాగిపోవును, నా అతుకు ఎవరికిని కనబడదు. శాసనము ప్రకటించువాడు ఆ మాటను కుండలీకరణములో ఉంచును. ఆ కుండలీకరణములే చరిత్ర పుస్తకములకు ఎక్కునప్పటికి రాలిపోవుచున్నవి.

నానేఘాట్‌లో అంకెలు బాగుగా నిలిచినవి. పేర్లు పోయినచోట అవి స్పష్టముగా ఉన్నందున భగవాన్‌లాల్ 1876లో వానిపై ప్రత్యేక వ్యాసమే ప్రకటించెను. వేయికి ఒక గుర్తు. దానికి మరియొక అంకెను తగిలించినచో అన్ని వేలు. 1,700 ఆవులు, 11,000 ఆవులు, వేయి గుర్రములు, 24,400 కార్షాపణములు. దక్షిణగా పుచ్చుకొన్నవారి లెక్క సరిపోయినది. ఇచ్చిన ఆమె పేరున్న చోట మాత్రము గోడ ఖాళీ.