వంచితే పుట్టే విద్యుత్తు

గ్యాస్ లైటర్ నొక్కగానే రవ్వ లేస్తుంది. 1880లో క్యూరీ సోదరులు జాక్, పియరీ కనిపెట్టిన పీజోఎలక్ట్రిసిటీ (నొక్కితే విద్యుత్తు పుట్టే గుణం) చలవ అది. కాకపోతే ఆ గుణం అన్ని పదార్థాలకూ లేదు. 32 స్ఫటిక వర్గాల్లో 20కే ఉంది. అణువుల అమరికకు కేంద్ర సౌష్ఠవం ఉంటే, ఎంత నొక్కినా ధన, రుణ ఆవేశాలు సరికి సరి అయిపోతాయి.

అదే పలకను నొక్కకుండా వంచితే? పైపొర సాగుతుంది, అడుగుపొర కుదించుకుపోతుంది. ఆ తేడా సౌష్ఠవాన్ని చెడగొట్టి ఆవేశాలను విడదీస్తుంది. ఇదే ఫ్లెక్సోఎలక్ట్రిసిటీ. విద్యుత్ బంధకాలన్నిటికీ ఉన్న గుణమిది.

ఈ ఊహ మొదట సోవియట్ సిద్ధాంతకర్తలది: 1957లో మష్కెవిచ్, టోల్పీగో, 1964లో కోగన్. కోగన్ లెక్కలో ప్రభావం అతి స్వల్పమని తేలింది. 1968లో బుర్సియన్, జైకోవ్‌స్కీ దీన్నే తిరగేసి, బేరియం టైటనేట్ పొరకు విద్యుత్తు ఇచ్చి దాన్ని వంచి చూపారు. మరుసటి ఏడాది మేయర్ ద్రవ స్ఫటికాల్లో ఇలాంటిదే ప్రతిపాదించాడు. ద్రవ స్ఫటికాలవాళ్లు దీన్ని పట్టించుకున్నారు గానీ, గట్టి పదార్థాలవాళ్లు చాలాకాలం పక్కన పెట్టేశారు. 1986లో టగాంట్సెవ్ సిద్ధాంతాన్ని చక్కదిద్దినా పెద్దగా చలనం లేదు.

మలుపు 2001లో వచ్చింది. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మా, క్రాస్ అనే పరిశోధకులు కొలిచిన సిరామిక్‌లో ప్రభావం కోగన్ అంచనాకు వేల రెట్లుంది. సరిగ్గా అప్పుడే ఎలక్ట్రానిక్ పరికరాలు నానోమీటర్లకు దిగుతున్నాయి. ఒక మిల్లీమీటరు మందంలో ఉండే సాగుడు తేడాయే పది నానోమీటర్లలో ఇమిడితే, దాని తీవ్రత లక్ష రెట్లవుతుంది. పెద్ద పలకలో లెక్కకు రానిది అక్కడ రాజ్యమేలుతుంది. నా దృష్టిలో అసలు కథ ఇదే: సిద్ధాంతం ముందే ఉంది, దానికి తగినంత చిన్న వస్తువే లేదు.

2012లో సూక్ష్మదర్శిని సూదిమొనతో ఒత్తి, వోల్టేజీ ఇవ్వకుండానే బేరియం టైటనేట్ పొరలో ధ్రువణ దిశను తిప్పారు; జ్ఞాపక చిప్‌లకు పనికొచ్చే ఉపాయమది. 2016లో సిలికాన్‌పై స్ట్రాన్షియం టైటనేట్‌తో సూక్ష్మ చలన పరికరం చేశారు. 2018లో ఎముకలోనూ, 2025లో మంచుగడ్డలోనూ ఈ గుణాన్ని కొలిచారు. మేఘాల్లో ఆవేశం పుట్టడంలో దీనికీ పాత్ర ఉండవచ్చంటున్నారు.

పీజోను బజారు నుంచి తప్పించే సత్తా దీనికింకా రాలేదు. అయితే నేటి పీజో సిరామిక్‌లు ఎక్కువగా సీసంతో చేసినవి. సీసం లేని సెన్సర్లు కావాలంటే ఫ్లెక్సోఎలక్ట్రిసిటీపై ఖర్చు పెట్టడం దండగ కాదు.