కోడి పన్ను, తాబేలు చట్టం, ఒక పాత రేంజర్

మా పక్కింటి పెద్దాయన గ్యారేజీలో 1994 మోడల్ ఫోర్డ్ రేంజర్ ట్రక్కు ఒకటి ఏడాదిన్నరగా స్టాండ్ల మీదే నిలబడి ఉంది. ముందు మడ్‌గార్డులు విప్పేశాడు, స్ప్రింగులు పీకేశాడు. శనివారం పొద్దున కాఫీ కప్పుతో వెళ్తే నా చేతికి జాకీ రాడ్డు ఇస్తాడు. నేను జాకీ కొడుతుంటే స్ప్రింగు లేని చక్రం అంగుళం అంగుళం పైకి లేస్తుంది. ఆయన నేలమీద చతికిలబడి టేపు పట్టి, ఒక్కో అంగుళానికి చక్రం ఎంత వాలిందో, దానంతటది ఎంత తిరిగిందో గోడమీద సుద్దతో రాస్తాడు. టైరు దేనికైనా తగిలితే "ఆగు" అంటాడు. ఆ పూటంతా ఆయన నోట వచ్చే మాట దాదాపు అదొక్కటే.

కంపెనీ ఇచ్చినప్పుడు ఆ చక్రం ఏడెనిమిది అంగుళాలు కదిలేది. ఈయనకు 16 కావాలి. దీన్ని లాంగ్ ట్రావెల్ అంటారు. ట్రావెల్ అంటే ఇక్కడ ప్రయాణం కాదు. చక్రం కిందికి వేలాడే ఆఖరి చోటు నుంచి పైకి నొక్కుకుపోయే ఆఖరి చోటు దాకా ఉన్న ఎత్తు.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీలకు కమాన్ కట్టలు కట్టాడు. బండి లోడు ఆనకపోతే ఇంకో పట్టీ వెయ్యి, ఇదీ మా ఇంటి విద్య. వీడియో కాల్‌లో ఈ రేంజర్‌ని చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఏం లోడేస్తార్రా దీంట్లో?"

"ఏమీ వెయ్యరు నాన్నా. ఖాళీగానే ఎడారిలో పరిగెత్తిస్తారు."

"ఎవడి పొలంలోరా?"

నవ్వాను గానీ, పెట్టేశాక ఆలోచిస్తే అసలు ప్రశ్న అదేననిపించింది. నేనుండే కాలిఫోర్నియా ఎడారి చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఈ పదహారు అంగుళాలూ అందులోంచే వచ్చాయి.

మనకు ప్రభుత్వ భూమి అంటే పోరంబోకు. ఇవాళ ఖాళీగా కనిపిస్తే రేపటికి ఎవడో ఒకడు రాళ్ళు పాతుతాడు. ఇక్కడ ఒక్క బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర శాఖ చేతిలోనే సుమారు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. చాలావరకు పడమటి రాష్ట్రాల్లోనే. సేద్యం చేసుకుంటే చాలు ఊరికే ఇస్తామని సర్కారు పిలిచిన రోజుల్లో కూడా, నీళ్ళు లేక ఎవరూ అడగని నేల అందులో చాలా ఉంది. ఖాళీ నేల అంటారు. మొహావీలు, చెమెహువీలు అనే ఆదివాసులు ఊట నుంచి ఊటకు కాలిబాటలు వేసుకుని బతికిన నేల అది. వాళ్ళను పక్కకు నెట్టాకే ఖాళీ అయింది. ట్రక్కుల వాళ్ళ కబుర్లలో ఆ ముక్క ఎప్పుడూ రాదు.

1866లో అమెరికా పార్లమెంటు ఒక గనుల చట్టంలో చిన్న వాక్యం పెట్టింది: దేనికీ కేటాయించని ప్రభుత్వ భూమి మీద రహదారి వేసుకోవచ్చు. గనుల వాళ్ళు వేశారు. 1883 నుంచి 1889 దాకా డెత్ వ్యాలీ నుంచి రైలు స్టేషన్ దాకా 165 మైళ్ళు బోరాక్స్ అనే ఖనిజం మోసే బళ్ళు నడిచాయి, ఇరవై కంచరగాడిదలతో. నిజానికి అందులో రెండు గుర్రాలు, కానీ బోరాక్స్ ప్రకటనలో ఇరవై కంచరగాడిదలు అంటేనే బాగుంటుంది కదా. 1942లో అమెరికా జనరల్ ప్యాటన్ ఉత్తర ఆఫ్రికా యుద్ధానికి సైన్యాన్ని తయారు చెయ్యడానికి ఇదే ఎడారికి వచ్చాడు. ఆ ట్యాంకుల జాడలు ఇప్పటికీ నేలమీద కనిపిస్తాయి. వాన రాని నేల ఏదీ మర్చిపోదు. యుద్ధం అయ్యాక మిగిలిన జీపులు చవగ్గా జనం చేతికొచ్చాయి. దారులున్నాయి, బళ్ళున్నాయి, అడిగేవాడు లేడు.

ఇక పందేలు. 1962లో డేవ్ ఎకిన్స్, బిల్ రాబర్ట్‌సన్ జూనియర్ అనే ఇద్దరు హోండా మోటార్ సైకిళ్ళ మీద మెక్సికోలోని టిహువానాలో బయల్దేరి, బాహా ద్వీపకల్పం చివర్లో ఉన్న లా పాజ్‌కు వెళ్ళారు. 950 మైళ్ళ పైచిలుకు, చాలావరకు రోడ్డన్నది లేదు. దారి పొడుగునా గడియారం పట్టుకునే మనిషి ఎక్కడుంటాడు? అందుకని బయల్దేరేటప్పుడు టిహువానా తంతి ఆఫీసులో, చేరాక లా పాజ్ తంతి ఆఫీసులో టైము ముద్ర వేయించుకున్నారు. ఎకిన్స్‌కు 40 గంటలకు కాస్త తక్కువ పట్టింది. ఒక దేశంలో క్రీడ పుట్టడానికి రెండు టెలిగ్రాములు చాలాయన్నమాట.

1967 అక్టోబర్ 31న అదే టిహువానా నుంచి అసలు పందెం మొదలైంది. బ్రూస్ మేయర్స్ అనే పడవల తయారీదారు ఫోక్స్‌వ్యాగన్ భాగాల మీద ఫైబర్ తొట్టి తొడిగి చేసిన బగ్గీలో విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్ 27 గంటల 38 నిమిషాల్లో లా పాజ్ చేరి గెలిచారు. అదే నేటి బాహా 1000. పందెం ముందు దారి చూసి రావడానికి ఇంకో బండి కావాలి కదా, దాన్ని ప్రీరన్నర్ అన్నారు. ఇప్పుడు పందేనికి ఏనాడూ వెళ్ళని వాళ్ళూ ప్రీరన్నర్లు కట్టుకుంటారు. మా పెద్దాయన అందులో ఒకడు.

అయితే 16 అంగుళాలు ఎందుకు? ఎడారి దారిలో వేగంగా పోయే బళ్ళు నేలను వరసగా గుట్టలు గుట్టలుగా తోడేస్తాయి. వాటిని వూప్స్ అంటారు. గాలిలో ఆరేసిన చీర అలల్లా మైళ్ళ తరబడి ఉంటాయి. మామూలు బండి మొదటి గుట్టకు పూర్తిగా కుంగుతుంది, చక్రం తిరిగి కిందికి దిగేలోపు రెండోది వచ్చి తన్నుతుంది. చక్రం ఊపును అణిచే షాక్ అబ్జార్బర్‌లోని ఆయిలు వేడెక్కి పలచబడుతుంది. ఆ తర్వాత బండి మన మాట వినదు. చక్రానికి చోటు ఎక్కువుంటే బండి తలమీద నీళ్ళకుండ పెట్టుకున్న మనిషిలా నిలకడగా పోతుంది, కాళ్ళు మాత్రమే ఆడతాయి. అందుకే లావుపాటి షాక్‌లు, పక్కనే నైట్రోజన్ నింపిన ఇంకో సీసా.

ఫోర్డ్ వాళ్ళు 1965లో తమ ట్రక్కులకు ట్విన్ ఐ-బీమ్ అనే పద్ధతి తెచ్చారు. కుడి చక్రం మోసే బీము బండి కింద అడ్డంగా దాటిపోయి ఎడమ పక్క బోల్టుకు వేలాడుతుంది. ఎడమ చక్రానిది కుడి పక్కకు. తెరిచిన కత్తెరలా రెండూ ఒకదాన్నొకటి దాటుతాయి. బీము పొడుగు కనక చక్రానికి ఊపు బాగా దొరుకుతుంది. చిక్కల్లా, చక్రం కిందికి జారేకొద్దీ దాని అడుగు లోపలికి పోతుంది. పొడుగు స్ప్రింగు పెట్టి ముందు భాగం లేపామా, బండి దొడ్డికాళ్ళ మనిషిలా నిలబడుతుంది. దానికి మందు, బీమును అడ్డంగా కోసి, చక్రం నిటారుగా వచ్చేదాకా ముక్కను తిప్పి, మళ్ళీ అతికి, మీదా కిందా మందపాటి ప్లేట్లు వెయ్యడం. బీము ముందూ వెనకా ఊగకుండా పట్టుకునే రేడియస్ ఆర్ములు పొట్టివి తీసి పొడుగువి పెట్టాలి. స్టీరింగు లింకులు కూడా బీములతో పాటే ఊగేలా మార్చాలి, లేకపోతే గుట్ట ఎక్కినప్పుడల్లా చక్రం తన ఇష్టానికి తిరుగుతుంది. ఆఖర్న, చక్రం కిందికి పోయి షాక్‌ను పీకెయ్యకుండా ఒక నైలాన్ పట్టీ.

అతుకు దగ్గర నా వల్ల ఒక నష్టం జరిగింది. పూర్తిగా చల్లారకముందే క్లాంపు వదిలేశాను. బీము రెండు డిగ్రీలు లాక్కుంది. ఆయన కొలత చూసి ఏమీ అనలేదు. గ్రైండరు తీశాడు, వారం పని నిమిషంలో కోసేశాడు.

ఆయన వెల్డింగు చూడాలి. చిల్లర నాణేలు వరసగా పేర్చి కొంచెం కొంచెం వాల్చినట్టుంటుంది అతుకు. ఆ చెయ్యి ట్రక్కుల దగ్గర నేర్చింది కాదు. ఓ విమానాల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి ఆర్డర్లు తగ్గాక, 1990ల మొదట్లో ఆయనలాంటి వేలమందిని దక్షిణ కాలిఫోర్నియాలో ఇళ్ళకు పంపేశారు. ఆర్ములకు వాడే 4130 క్రోమోలీ ఉక్కు గొట్టం విమానాల చట్రాలకు వాడినదే. బీము చివర తిరిగే హైమ్ జాయింటు, గూట్లో గుండులా ఉండేది, రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన జర్మన్ విమానాల్లో మిత్రపక్షాల ఇంజనీర్ల కంట పడిందంటారు. ఇక్కడికి గంట దూరంలో ఫోంటానాలో 1942లో ఓడల కోసం కట్టిన కైజర్ ఉక్కు ఫ్యాక్టరీ 1983లో మూతపడింది. 'టెర్మినేటర్ 2' సినిమా చివర్లో మరిగే ఉక్కు సీను తీసింది ఆ పాడుబడ్డ ఫ్యాక్టరీలోనే. అదే స్థలంలో తర్వాత రేసు ట్రాక్ వెలిసింది. యుద్ధం నేర్పిన పనితనం ఇలా సరదాల్లోకి ఒలికింది. ఆయన ముందు సరదా అనకూడదు, కోపమొస్తుంది.

అసలు ఈ ట్రక్కు పుట్టుకకీ ఒక తమాషా కథ ఉంది. యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద సుంకం వేస్తే, 1964 నుంచి అమెరికా బదులుగా బయటి దేశాల చిన్న ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేసింది. కోళ్ళ తగవు పోయినా కోడి పన్ను మాత్రం ఇవాళ్టికీ ఉంది. ఫోర్డ్ తన చిన్న ట్రక్కును జపాన్‌లో మాజ్దా చేత చేయించుకుని, పన్ను తప్పించడానికి తొట్టి లేకుండా దిగుమతి చేసేది. 1980లో ఆ సందు మూశారు. 1983 మోడల్‌గా ఇక్కడే చేసిన రేంజర్ వచ్చింది. నాన్నకి ఈ కథ తెగ నచ్చింది. కోడి మీద తగువు పడని ఊరుందా అన్నాడు.

కానీ అడిగేవాడు లేని రోజులు పోయాయి. 1974లో బార్‌స్టో నుంచి లాస్ వేగాస్‌కు సుమారు 3,000 మోటార్ సైకిళ్ళు ఒకే గీతలో ఎడారి మీద పడి పోయాయి. నేలకు జరిగిన నష్టం చూసి మరుసటేడు భూముల శాఖ అనుమతి ఇవ్వలేదు. ఎవరో 'ఎడారి మాయబాతు' అనే పేరుతో నిరసన యాత్రలకు పిలుపులిస్తే జనం అనుమతి లేకుండానే వెళ్ళారు. 1990లో ఎడారి తాబేలును ముప్పున్న జాతిగా ప్రకటించారు. 1994 అక్టోబర్ 31న, మొదటి బాహా పందెం బయల్దేరి సరిగ్గా 27 ఏళ్ళకు, అధ్యక్షుడు క్లింటన్ కాలిఫోర్నియా ఎడారి రక్షణ చట్టం మీద సంతకం పెట్టాడు. లక్షల ఎకరాల్లోకి ఇంజనే కాదు, సైకిలు కూడా పోకూడదు. అదే 1994లో బాహా పందేల్లో ట్రోఫీ ట్రక్ అనే కొత్త తరగతి పెట్టారు. ముందు చక్రం రెండడుగులు ఊగే బళ్ళవి. ట్రావెల్ పెరుగుతున్న కొద్దీ తిరిగే చోటు తగ్గింది. పెద్దాయన ఆ చట్టాన్ని తిట్టని రోజు లేదు. నాకైతే చట్టమే సబబనిపిస్తుంది. 1942 నాటి ట్యాంకు జాడ ఇంకా చెరగని నేలమీద ఎవరో ఒకరు "ఆగు" అనాలి. ఈ మాట ఆయనతో అనలేదు, జాకీ కొడుతూ ఎందుకులే అని.

మార్చిలో బండి దిగింది. బళ్ళు తిప్పడానికి ఇంకా అనుమతి ఉన్న జాన్సన్ వ్యాలీకి తీసుకెళ్ళాం. 2010 ఆగస్టులో ఒక పందెంలో ట్రక్కు చూడ్డానికొచ్చిన జనం మీదికి పోయి 8 మంది చనిపోయింది ఇక్కడే. వూప్స్ మీద మొదటిసారి గంటకు 40 మైళ్ళకు పోయినప్పుడు, ముందు బానెట్ కదలకుండా ఉంటే, కింద నుంచి మాత్రం గచ్చు మీద బిందెలు దొర్లుతున్న చప్పుడు. నాన్నకి వీడియో పంపాను.

మధ్యాహ్నం ఆపి రొట్టెలు తిన్నాం. ఎండ తాళలేక తాబేళ్ళు ఆగి ఉన్న బళ్ళ నీడకు చేరతాయి. చూడకుండా కదిలించొద్దని బోర్డులు రాసి ఉంటాయి. ఎత్తి పక్కన పెట్టడానికీ లేదు. బెదిరితే దాచుకున్న నీళ్ళు వదిలేస్తుంది, ఆ ఎండలో అది చావుతో సమానం. బయల్దేరబోతుంటే పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, మట్టిలో బోర్లా పడుకుని నాలుగు చక్రాల వెనకా తొంగి తొంగి చూశాడు.

"ఏమైంది?" అన్నాను.

"బోల్టులు చూస్తున్నా" అన్నాడు. వెనక చక్రాల దగ్గర మేము ఒక్క బోల్టూ ముట్టుకోలేదు.