ఫోన్ కోడ్ లేని దేశం

మొన్నామధ్య ఒక శుక్రవారం సాయంత్రం, సరిగ్గా బ్యాగు సర్దుకుని లేద్దామనుకునే టైముకి ఒక టికెట్ వచ్చి పడింది. (శుక్రవారం సాయంత్రం టికెట్లకి ముహూర్తబలం ఎక్కువని మనందరికీ తెలిసిందే కదా.) విషయం చిన్నదే. ఎవరో ఒకాయన మా అప్లికేషన్‌లో రిజిస్టర్ చేసుకోబోతే ఆయన మొబైల్ నంబరు తీసుకోవట్లేదుట. నంబరు +383తో మొదలవుతోంది. మా డ్రాప్‌డౌన్‌లో 381 ఉంది, 382 ఉంది, 385 ఉంది. 383 లేదు. రెండు నిమిషాలు కూడా ఆలోచించకుండా "తప్పు నంబరు, యూజర్ పొరపాటు" అని రాసి, టికెట్ మూసేసి క్యాబ్ ఎక్కేశాను.

సోమవారం పొద్దున్నే అదే టికెట్ మళ్ళీ తెరుచుకుని కూర్చుంది. ఆయన కోప్పడలేదు. తనది కొసోవో అనీ, నంబరు సరైనదేననీ, ఈ కోడ్ తమకి రావడానికి చాలా ఏళ్ళు పట్టిందనీ, వీలైతే లిస్టులో చేర్చమనీ మర్యాదగా రాశారు. కింద ఒక స్క్రీన్‌షాట్ పెట్టారు. అందులో మా అప్లికేషన్ ఎర్ర అక్షరాలతో చూపించిన మెసేజి: "చెల్లని దేశం".

ఆ మెసేజి రాసింది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎవరో ఎప్పుడో తయారుచేసిన దేశాల లిస్టు ఒకటి కాపీ కొట్టి, దాని పక్కన ఈ మెసేజి తగిలించాను. ఇన్నేళ్ళుగా అది హాయిగా నడుస్తోంది. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది. "చాలా ఏళ్ళు పట్టింది" అన్న మాట మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. ఫోన్ కోడ్ రావడానికి ఏళ్ళెందుకు పడుతుంది? అదేమన్నా ఒలింపిక్ మెడలా? అనుకుని తవ్వకం మొదలెట్టాను. తవ్వుతుంటే, నిజంగానే ఒలింపిక్ మెడల్ కూడా తగిలింది. అక్కడికి తర్వాత వద్దాం.

ముందు అసలు ఈ కోడ్లు ఎలా పుట్టాయో చూద్దాం. ఇప్పుడు మనం వాడుతున్న ఏర్పాటు 1964 నాటిది. ఐక్యరాజ్యసమితికి అనుబంధంగా ఉండే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటియు, అప్పుడు ప్రపంచాన్ని మండలాలుగా విడగొట్టింది. 1 ఉత్తర అమెరికాకి, 2 ఆఫ్రికాకి, 7 ఒక్క సోవియట్ యూనియన్‌కే, 9 మన వైపుకి. మనకి 91, పాకిస్తాన్‌కి 92, శ్రీలంకకి 94. ఐరోపాలో దేశాలూ ఎక్కువ, ఫోన్లూ ఎక్కువ కాబట్టి దానికి 3, 4 రెండూ ఇచ్చారు.

ఇందులో ఒక తమాషా ఉంది. దేశం ఎంత పెద్దదైతే కోడ్ అంత చిన్నది. ఫ్రాన్స్ 33, బ్రిటన్ 44. అదే లక్సెంబర్గ్ 352, ఐస్‌లాండ్ 354, మాల్టా 356. కారణం సింపుల్. అప్పట్లో కోడ్‌తో కలిపి అంతర్జాతీయ నంబరు మొత్తం 12 అంకెలు దాటకూడదు. (15కి పెంచింది 1996 ఆఖర్న.) పెద్ద దేశంలో లోపలి నంబర్లు పొడుగ్గా ఉంటాయి కాబట్టి కోడ్ పొట్టిగా ఉండాలి. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో నిద్రపోని వాళ్ళకి హఫ్‌మన్ కోడింగ్ గుర్తొచ్చే ఉంటుంది :) దాదాపు అదే లాజిక్కు. ఇంకో నియమం కూడా అలాంటిదే, ఒక కోడ్ ఇంకో కోడ్‌కి ముందు భాగం కాకూడదు. 37 అని ఒక దేశానికి ఇచ్చేస్తే ఇక 371, 372 ఎవరికీ ఇవ్వలేం. ఎక్స్చేంజి ఒక్కో అంకె చదువుకుంటూ పోయి, 37 కనబడగానే కాల్‌ని అటు తోసేస్తుంది కదా.

ఆ 37 తూర్పు జర్మనీది. 1990 అక్టోబరు 3న రెండు జర్మనీలూ కలిసిపోయాయి. పశ్చిమ జర్మనీ 49 ఇద్దరికీ సరిపోయింది. 37 ఖాళీ అయ్యింది. ఒక్క రెండంకెల కోడ్ ఖాళీ అయితే పది మూడంకెల కోడ్లు పుడతాయి. సరిగ్గా అదే సమయానికి, 1991లో, సోవియట్ యూనియన్ ముక్కలైంది. లిథువేనియాకి 370, లాట్వియాకి 371, ఎస్టోనియాకి 372, మోల్డోవాకి 373, ఆర్మేనియాకి 374, బెలారుస్‌కి 375. మిగిలినవి బుల్లి దేశాలకి: అండోరాకి 376, మొనాకోకి 377, శాన్ మారినోకి 378. చివరి 379ని వాటికన్ పేరు మీద అట్టేపెట్టారు గానీ వాళ్ళది ఇంకా వాడకంలోకి రాలేదు. పోపుగారి ఊరికి ఫోన్ చేయాలంటే ఇవాళ్టికీ ఇటలీ 39 కొట్టి, రోమ్ నంబరు లాగే 06 698 అని మొదలెట్టాల్సిందే.

చెకొస్లొవాకియా 42 కూడా ఇలాగే విడిపోయింది. 1993లో దేశం రెండైంది, 1997లో కోడ్ రెండైంది: చెక్ వాళ్ళకి 420, స్లొవాక్ వాళ్ళకి 421. అప్పటిదాకా స్విట్జర్లాండ్ నంబర్లలోనే సర్దుకున్న లీక్టెన్‌స్టైన్ 1999లో 423 తీసుకుని వేరు కాపురం పెట్టింది.

ఇక 38. అది యుగోస్లావియాది. 1991లో మొదలైన చీలికల తర్వాత సెర్బియా-మాంటెనెగ్రోలకి 381, క్రొయేషియాకి 385, స్లొవేనియాకి 386, బోస్నియాకి 387, మాసిడోనియాకి 389 వచ్చాయి. 2006లో మాంటెనెగ్రో కూడా విడిపోతే, అదే ఏడాది 382 చేతికొచ్చింది. ఈ లిస్టు చూస్తే అంతా అన్నదమ్ముల పంపకాలంత సాఫీగా అనిపిస్తుంది. (మన దగ్గర అన్నదమ్ముల పంపకాలు కూడా అంత సాఫీగా జరగవనుకోండి.)

కొసోవో దగ్గరే లెక్క తప్పింది.

కొసోవో అంటే మన పాత కరీంనగర్ జిల్లా కంటే కాస్త చిన్న ప్రాంతం. ఎక్కువమంది అల్బేనియన్లు. యుగోస్లావియాలో అది విడి రిపబ్లిక్ కాదు, సెర్బియాలో ఒక ప్రావిన్సు. దాని స్వయంపాలనని 1989లో తీసేశారు. 1998-99లో యుద్ధం, నాటో బాంబులు, లక్షల మంది ఇళ్ళు వదిలి సరిహద్దులు దాటడం. 1999 జూన్‌లో భద్రతా మండలి 1244వ తీర్మానం చేసి పాలనని ఐక్యరాజ్యసమితి చేతికి ఇచ్చింది. అప్పుడు అది సెర్బియా చేతిలోనూ లేదు, అలాగని దేశమూ కాదు.

యుద్ధం అయ్యాక మనిషికి కావాల్సిన మొదటి వస్తువుల్లో ఫోన్ ఒకటి. ఎవరు బతికున్నారు, ఎవరు ఎక్కడున్నారు తెలియాలి కదా. 2000లో అక్కడ వాలా అనే మొబైల్ నెట్‌వర్కు మొదలైంది. టవర్లు వేయొచ్చు, సిమ్ కార్డులు అచ్చు వేయొచ్చు. మరి కోడ్? కోడ్లు ఇచ్చే ఐటియు చుట్టూ కూర్చునేది ప్రభుత్వాలు. కొసోవోకి అక్కడ కుర్చీ లేదు. సెర్బియా 381 వాడటం అల్బేనియన్లకి ఇష్టం లేదు. దాంతో మొనాకో నుంచి కోడ్ అద్దెకి తెచ్చుకున్నారు! మీరు చదివింది కరెక్టే. కార్ల రేసులకీ క్యాసినోలకీ పేరుపడ్డ, రెండు చదరపు కిలోమీటర్ల మొనాకో. అదైనా 1996 దాకా ఫ్రాన్స్ నంబర్లలోనే ఉండేది. సొంత కోడ్ వచ్చిన నాలుగేళ్ళకే ఇంకొకరికి అద్దెకిచ్చింది. అలా కొసోవో మొబైళ్ళు +377 44 అయ్యాయి.

2007లో రెండో మొబైల్ కంపెనీ ఇప్‌కో వచ్చింది. దాని యజమాని స్లొవేనియా టెలికాం. కాబట్టి వాళ్ళ నంబర్లు +386 49. ఇక ఇళ్ళలో పాత ల్యాండ్‌లైన్లు సెర్బియా కోడ్‌లోనే ఉండిపోయాయి. రాజధాని ప్రిస్టినా అయితే +381 38.

ఒక్కసారి ఊహించుకోండి. 2010లో జ్యూరిక్‌లో పనిచేసుకుంటున్న ఒక కొసోవో కుర్రాడు ఇంటికి ఫోన్ చేయాలి. (స్విట్జర్లాండ్, జర్మనీల్లో వాళ్ళు చాలామంది ఉన్నారు.) హాల్లో ఉన్న ల్యాండ్‌లైన్‌కి చేస్తే అది సెర్బియా కాల్. నాన్న మొబైల్‌కి చేస్తే మొనాకో. పక్క గదిలో ఉన్న చెల్లెలికి చేస్తే స్లొవేనియా. ఇల్లు ఒకటే, దేశాలు మూడు, రేట్లు మూడు. వాళ్ళు ఉన్న దేశం పేరు మీద మాత్రం ఒక్క నంబరూ లేదు.

2000ల్లో అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కాలింగ్ కార్డుల బాధ బాగా తెలుసు. మా అన్నయ్య ఒకడు ఇప్పటికీ చెప్తుంటాడు, కార్డు గీకి ఆ పొడుగాటి పిన్ను కొట్టి, అమ్మతో మాట్లాడుతూ ఒక కన్ను గడియారం మీద పెట్టేవాడినని. కానీ ఇండియా అంటే 91, అంతే. హైదరాబాదులో ఉన్న అమ్మ నంబరు ఏ దేశం రేటులో పడుతుందో అని ఆలోచించాల్సిన ఖర్మ మనకి పట్టలేదు.

డబ్బు సంగతీ ఉంది. అంతర్జాతీయ కాల్ చేసినప్పుడు, కాల్ మొదలైన దేశపు కంపెనీ, కాల్ అందుకున్న వైపు కంపెనీకి నిమిషానికి ఇంత అని కట్టాలి. కోడ్ మొనాకోది అయితే ఆ లెక్కల పుస్తకం మొనాకో వైపే తెరుచుకుంటుంది. దాని వాటా అది తీసుకుంటుంది. ఈ గోలకి టెలికాం కంపెనీల రేట్ల ఫైళ్ళలో "మొనాకో", దాని కింద "మొనాకో - కొసోవో మొబైల్" అని రెండు వరసలు ఉండేవి. బిల్లింగ్ సిస్టమ్స్ మీద పనిచేసిన వాళ్ళకి ఇది చూస్తే నవ్వొస్తుంది. ఐక్యరాజ్యసమితి తేల్చలేని దాన్ని, 37744 అన్న ప్రిఫిక్స్ పెట్టి ఎవరో మనలాంటి ఇంజనీరు ఒక వరసలో తేల్చేశాడు.

2008 ఫిబ్రవరి 17న కొసోవో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ గుర్తించాయి. సెర్బియా సరే, రష్యా, చైనా గుర్తించలేదు. మన భారతదేశమూ గుర్తించలేదు. దేశం వచ్చింది గానీ కోడ్ రాలేదు. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ జరిగాయి. కొసోవో సొంత జెండాతో ఆడిన మొదటి ఒలింపిక్స్ అవి. జూడోలో 52 కిలోల విభాగంలో మైలిందా కెల్మెండి స్వర్ణం గెలిచింది, ఆ దేశానికి మొట్టమొదటి మెడల్. ప్రపంచమంతా చూస్తుండగా కొసోవో జాతీయగీతం మోగింది. ఆ రాత్రి రియో నుంచి ఎవరైనా ఆమె ఊరు పేయాలో ఒక ఇంటికి ఫోన్ చేసి అభినందించాలనుకుంటే కొట్టాల్సింది +381 39. అంటే సెర్బియా!

అందుకే అన్నాను, ఒలింపిక్ మెడల్ కంటే ఫోన్ కోడే లేటయ్యింది.

ఐరోపా సంఘం మధ్యవర్తిగా బ్రస్సెల్స్‌లో సెర్బియా, కొసోవోల మధ్య 2013లో ఫోన్ల గురించి ఒక అవగాహన కుదిరింది. దాన్ని అమలు చేయడం మీద ఇంకో రెండేళ్ళు లాగి, 2015 ఆగస్టు 25న ఒప్పందం చేసుకున్నారు. సెర్బియా ఒప్పుకోవాలంటే ఒక చిక్కు ఉంది. దేశం కోడ్‌కి సరే అంటే దేశాన్ని ఒప్పుకున్నట్టే కదా? అందుకని "దేశం" అనకుండా "భౌగోళిక ప్రాంతం" అన్న మాట వాడారు. బదులుగా, సెర్బియా టెలికాం అనుబంధ కంపెనీ ఒకటి కొసోవోలో సెర్బులున్న చోట్ల సేవలందించడానికి దారి ఇచ్చారు. 2016 డిసెంబరు 15న ఐటియు +383 కేటాయించింది. 2017లో నంబర్లు మారడం మొదలైంది. మొనాకో, స్లొవేనియా కోడ్లు సెలవు తీసుకున్నాయి.

1999 నుంచి లెక్కేస్తే 17 ఏళ్ళు. నేను రెండు నిమిషాల్లో మూసేసిన టికెట్ అది.

కథ అక్కడితో అయిపోలేదు. దేశాలకి రెండక్షరాల కోడ్లు ఇచ్చే ఐఎస్ఓ 3166 లిస్టులో కొసోవో లేదు. ఆ లిస్టు ఐక్యరాజ్యసమితి పేర్లని బట్టి నడుస్తుంది. ఎవరికి వారు వాడుకోడానికి వదిలేసిన అక్షరాల్లోంచి ఎక్స్‌కె అనే జతని ఐరోపా సంఘం, బ్యాంకులు, మన సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు వాడుకుంటున్నాయి. సొంత వెబ్ డొమైన్ ఇంకా లేదు.

ఇదంతా చదివి "కోడ్‌దేముంది, పని జరిగితే చాలదా" అనేవాళ్ళు ఉంటారు. శుక్రవారం దాకా నేనూ అదే అనేవాణ్ణి. కానీ 2014లో రాష్ట్రం విడిపోయాక బండి నంబరు ప్లేటు మీద ఏపీ పోయి టీఎస్ వచ్చినప్పుడు, 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు, ఆ రెండక్షరాల గురించి మన ఇళ్ళలో, ఆఫీసు క్యాంటీన్లలో ఎన్ని గంటల వాదనలు జరిగాయో గుర్తుంది కదా. బండి మాత్రం ఏ అక్షరాలున్నా అదే స్పీడులో పోతుంది.

సరే, నా టికెట్ సంగతి. ఆ పాత లిస్టు పీకేసి, ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయ్యే లైబ్రరీ పెట్టాను. మా టేబుల్లో "ఒక దేశానికి ఒకే కోడ్, ఒక కోడ్‌కి ఒకే దేశం" అన్న రూల్ ఉండేది, అదీ తీసేశాను. అమెరికా, కెనడాలకి కలిపి 1 అని తెలిసి కూడా ఆ రూల్ ఎలా పెట్టానో నాకే అర్థం కాలేదు. "చెల్లని దేశం" తీసేసి "ఈ కోడ్ ఇంకా మా దగ్గర లేదు" అని మార్చాను. తప్పు మాదని చెప్పి ఆయనకి క్షమాపణలు రాశాను. మర్నాడు లాగ్స్‌లో +383 నంబరు ఒకదానికి ఓటీపీ వెళ్ళినట్టు కనిపించింది.

మీ ప్రాజెక్టులో కూడా ఇలాంటి దేశాల లిస్టు ఒకటి ఎక్కడో మూల పడి ఉండే ఉంటుంది. వీలైతే రేపు ఆఫీసుకి వెళ్ళాక ఒకసారి తెరిచి, 382కీ 385కీ మధ్య ఏముందో చూడండి.