స్కైలాబ్ పడుతుందని మా అవ్వ మేకలు అమ్మేసిన కథ

ఈ ఎపిసోడ్ మా ఇంటి మిద్దె మీద మొదలైంది.

ఆ మధ్య ఎమ్మిగనూరుకు పోయినప్పుడు ఒకరోజు సాయంత్రం కరెంటు పోయింది. అందరం మిద్దె ఎక్కి కూర్చున్నాం. ఆకాశంలో ఒక చుక్క మెల్లగా కదిలిపోతోంది. ఫోన్‌లో యాప్ తీసి చూస్తే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. "అవ్వా, అందులో మనుషులున్నారు తెలుసా?" అని గొప్పగా చెప్పా. మా అవ్వ ఏమీ ఆశ్చర్యపోలేదు. "అట్లాంటిదే ఒకటి మా నెత్తిన పడ్తాదన్నారు గదప్పా. దాని దెబ్బకు రెండు మేకలు పోగొట్టుకున్యాం" అనింది.

ఆమె చెప్పింది స్కైలాబ్ గురించి. 1979 జూలై నాటి మాట. అప్పుడు అవ్వకు పెళ్లయి కొన్నేళ్లే. పుట్టిల్లు ఆదోని పక్కన పల్లె, అత్తగారిల్లు ఎమ్మిగనూరు. తాత మగ్గం నేసేవాడు. ఎక్కడో అమెరికా వాళ్లు పైకి పంపిన వస్తువుకీ, మా అవ్వ మేకలకూ ఏం సంబంధం? అదే ఈరోజు చూద్దాం.

ముందు కొంచెం వెనక్కి పోదాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా, సోవియట్ యూనియన్ నేరుగా కొట్టుకోలేదు. అణుబాంబులు ఇద్దరి దగ్గరా ఉన్నాయి కాబట్టి కొట్టుకుంటే ఎవరూ మిగలరు. అందుకే ఆ పోటీ ఆకాశంలోకి పోయింది. 1957లో స్పుత్నిక్, 1961 ఏప్రిల్ 12న గగారిన్. రెండూ సోవియట్ వాళ్లవే. ఆరు వారాలు దాటగానే కెనడీ లేచి, ఈ దశాబ్దం లోపల చంద్రుడి మీద మనిషిని దించుతాం అన్నాడు. 1969 జూలైలో దించారు.

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. గెలిచాక ఏం చేస్తారు? అమెరికాలో డబ్బులు తగ్గించేశారు. అపోలో 18, 19, 20 యాత్రలు రద్దు చేశారు. అలా మిగిలిపోయిన ఒక భారీ రాకెట్‌తోనే 1973 మే 14న స్కైలాబ్‌ను పైకి పంపారు. అప్పటికే సోవియట్ వాళ్లు 1971లో సాల్యూట్-1 పేరుతో ప్రపంచంలో తొలి అంతరిక్ష కేంద్రాన్ని పంపేశారు. స్కైలాబ్ బరువు దాదాపు 77 టన్నులు. ముగ్గురేసి చొప్పున మూడు బృందాలు వెళ్లి వరసగా 28, 59, 84 రోజులు అందులో ఉండి వచ్చాయి. 1974 ఫిబ్రవరిలో చివరి బృందం దిగిపోయింది. ఆ తర్వాత అది ఖాళీ ఇల్లు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన వాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. లాంచ్ రోజు కేక్ కట్ చేయడానికి అందరూ వస్తారు. రెండేళ్ల తర్వాత అదే ప్రాజెక్టుకు మెయింటెనెన్స్ అంటే ఒక్కడూ కనిపించడు. స్కైలాబ్‌కు జరిగింది అదే. తనంతట తాను పైకి ఎగబాకే ఇంజిన్ దానికి లేదు. స్పేస్ షటిల్ తయారయ్యాక వెళ్లి దాన్ని పైకి నెడదాం అనుకున్నారు. షటిల్ ఆలస్యమైంది, 1981 దాకా ఎగరలేదు. ఈలోపు సూర్యుడి మీద అలజడి అనుకున్నదానికన్నా ఎక్కువైంది. దాంతో భూమి పైపొర వాతావరణం వేడెక్కి ఉబ్బింది. ఆ పల్చటి గాలి రాపిడికే స్కైలాబ్ వేగం తగ్గి కిందికి జారడం మొదలైంది.

ఎక్కడ పడుతుంది? అది తిరిగే దారి భూమధ్యరేఖకు 50 డిగ్రీలు ఉత్తరం నుంచి 50 డిగ్రీలు దక్షిణం దాకా. ఆదోని 15, 16 డిగ్రీల మధ్య ఉంటుంది. అంటే మనం ఆ పట్టీలో ఉన్నాం. తమాషా ఏంటంటే, అమెరికాకు పోటీగా నిలబడ్డ మాస్కో మాత్రం దానికి బయటుంది! పందెం వాళ్లిద్దరిది, నెత్తి మనది.

మరి మా అవ్వ వాళ్లు పిచ్చోళ్లా? కాదు. భూమ్మీద ఎవరో ఒకరికి ముక్క తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసానే లెక్క చెప్పింది. ఫలానా ఒక్క మనిషికి తగిలే అవకాశం చూస్తే దాదాపు 60 వేల కోట్లలో ఒకటి. ఈ రెండో లెక్క పల్లెకు చేరలేదు. "ఎవరికో ఒకరికి" అన్న మాట మాత్రం చేరింది. పైగా ఏడాదిన్నర ముందే, 1978 జనవరిలో, అణు రియాక్టర్ ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 కెనడాలో కూలింది. కాబట్టి భయానికి కారణం లేకపోలేదు.

ఇళ్లల్లో టీవీలు లేవు. రేడియోలో విన్నోడు ఒకటి చెప్తే, టీ అంగట్లో పేపర్ చదివినోడు ఇంకోటి చెప్పేవాడు. అవ్వ పుట్టింటి పల్లెలో, ఎట్లాగూ పోతాం గదా అని కోళ్లు కోసుకుని తిన్నారు. మిద్దెల మీద పడుకునేవాళ్లు కిందికి దిగి ఉక్కపోతలో లోపల పడుకున్నారు. విత్తనం వేసే రోజుల్లో కొందరు పొలం పోవడం మానేశారు. అవ్వ పెళ్లికి పుట్టింటోళ్లు ఇచ్చిన మేకలు రెండు, సగం ధరకే అమ్మేశారు. తాత మాత్రం మగ్గం ఆపలేదంట. "పడేది పడ్తాది, చీర బాకీ ఉంది" అన్నాడంట.

జూలై 11, బుధవారం. మనకు రాత్రి పది దాటాక స్కైలాబ్ వాతావరణంలో విరిగిపోయింది. ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ పట్టణం చుట్టుపక్కల పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెత్త వేసినందుకు ఆ ఊరి పాలకవర్గం నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. అది 2009లో కట్టారు, అదీ నాసా కాదు, ఒక రేడియో హోస్ట్ చందాలు పోగుచేసి కట్టాడు. కెనడాకు మాత్రం సోవియట్ వాళ్లు 30 లక్షల కెనడా డాలర్లు ఇచ్చారు. పైనుంచి పడిన వస్తువు నష్టం చేస్తే పంపిన దేశమే కట్టాలని 1972 నుంచి అంతర్జాతీయ ఒప్పందం ఉంది. కానీ భయం వల్ల అమ్ముకున్న మేకలకు ఏ ఒప్పందమూ లేదు.

ఇప్పుడు ఆ వేసవిని ఇంకోసారి చూడండి. జూన్ 7న మన భాస్కర ఉపగ్రహాన్ని సోవియట్ రాకెట్ పైకి తీసుకెళ్లింది. జూలై 11న అమెరికా స్కైలాబ్ కూలింది. ఆగస్టు 10న మన సొంత రాకెట్ ఎస్ఎల్‌వీ-3 శ్రీహరికోట నుంచి లేచి బంగాళాఖాతంలో పడిపోయింది. రెండు నెలల్లో ఒకరి సాయం, ఇంకొకరి చెత్త, మన ఓటమి. మరుసటి ఏడాది 1980 జూలై 18న అదే రాకెట్ రోహిణిని కక్ష్యలో పెట్టింది. 1984లో, హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో వెళ్లొచ్చాడు. ఆ పోటీలో మనకు దక్కినవీ ఉన్నాయి. కాదనను.

చివరగా అవ్వను అడిగా, "మేకలు అమ్మినందుకు బాధ పడలేదా?" అని. "అమ్మినందుకు కాదప్పా. కొన్నోడు బేరమాడి మరీ కొన్న్యాడు. ఆకాశం పడ్తాదని వాడూ నమ్మింటే మేకల్ని ఏంటికి కొంటాడు? ఆ మాట మాకు అప్పుడు తట్టలా" అనింది.

నాలుగేళ్ల బీటెక్‌లో ఇంత మంచి లాజిక్ నాకు ఎవరూ చెప్పలేదు. రేపు మీ ఫోన్‌కు భయపెట్టే ఫార్వర్డ్ ఏదైనా వస్తే, ఇంకొకరికి పంపే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి: అందరూ అమ్ముతున్నప్పుడు కొంటున్నది ఎవరు?

మీ ఇంట్లో 1979 గుర్తున్న పెద్దవాళ్లుంటే స్కైలాబ్ అని ఒక్కమాట అనండి. వాళ్లు చెప్పింది కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.