యంత్రము మరచుట నేర్చిన విధము

జ్ఞాపకశక్తిని మెచ్చుకొనుట మనకు వాడుక. ఈ పూట నేను మరపును గూర్చి, అందును ఒక గణనయంత్రము మరచుట నేర్చిన విధమును గూర్చి చెప్పదలచితిని.

1958వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జాన్ మెకార్తీ అను పండితుడు, యంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకై 'లిస్ప్' అను భాషను కూర్ప నారంభించెను. వారికి లభించినది ఐ.బి.యం. 704 అను యంత్రము. ఎంత హెచ్చుగా నమర్చినను దాని జ్ఞాపకమున 32,768 గదులే. లిస్ప్ తన విషయములను జాబితాలుగా దాచును. ప్రతి గదియు ఒక విషయమును, తరువాతి గది యుండు చోటును చూపుచుండును. మొదటి గది దొరికిన, దారము వెంట పూలదండవలె తక్కినవన్నియు దొరకును.

లెక్క సాగినకొలది క్రొత్త జాబితాలు పుట్టును, పాతవి పనికిమాలిపోవును. అడిగినంతనే మరికొంత తావునిచ్చు నేటి నిర్వాహక వ్యవస్థలవంటివి ఆ యంత్రమునకు లేవు. గదులు నిండినచో పని నిలిచిపోవలసినదే. అంతకు పూర్వపు పద్ధతిలో గదులను విడిపించు భారము ఆజ్ఞలు వ్రాయువానిదే. వాడు ఏమరినచో తావు వృథా; తొందరపడినచో వాడుకలోని విషయమే చెడును. ఒకే జాబితాను పెక్కు జాబితాలు పంచుకొనుచుండును గదా! ఉమ్మడి బావిని ఒక పాలివాడు పూడ్చినచో తక్కినవారి పొలములెండును.

మెకార్తీ ప్రశ్ననే త్రిప్పివేసెను. పనికిరానిది ఏదని వెదకక, ఇంకను చేరదగినది ఏదని వెదకుమనెను. తొలుత సుమారు 15,000 ఖాళీ గదులను ఒక జాబితాగా కూర్చి, కావలసినప్పుడెల్ల అందుండి తీసికొనిరి. అది తీరిపోగా యంత్రము పనినాపి, కొన్ని మూలస్థానములనుండి బయలుదేరి, చేరగలిగిన ప్రతి గదికిని ఋణచిహ్నము వేయును. పిదప గదులన్నిటిని వరుసగా చూచి, గుర్తు లేనివానిని ఖాళీ జాబితాలో చేర్చి, ఉన్నవాని గుర్తును చెరపును. ఈ విధానమును ఆయన 1960 ఏప్రిల్ నాటి వ్యాసమున ప్రకటించెను. 'చెత్త యేరుట' యని తమలో పిలుచుకొన్నను, వ్యాసమున ఆ పేరు వాడలేదు.

ఇందు నష్టమును గలదు. ఒక్కొక్క యూడ్పునకు కొన్ని సెకనులు పట్టెడిది. చేరదగిన గదులతోనే జ్ఞాపకము దాదాపు నిండినచో, ఊడ్చుటయందే కాలమంతయు గడచును. ఆ యేటనే జార్జి కాలిన్స్ వేరొక మార్గము చూపెను: ఒక్కొక్కదానిని ఎన్ని చూపుచున్నవో లెక్కయుంచి, లెక్క సున్నయైనప్పుడు విడుచుట. కాని ఒకదానినొకటి చూపుకొను రెండు జాబితాలు, ఎవరికి నక్కరలేకున్నను, సున్నకు రావు. నేటి జావా భాష చేరదగినవానిని వెదకు మార్గమునే అవలంబించినది.

దస్త్రముల పెట్టె సర్దునప్పుడు మనకును ఈ నియమము తగునని నాకు తోచుచున్నది. పాతదను కారణమున కాగితమును చింపరాదు. మరి దేనికిని అది ఆధారము కాదని తెలిసిన పిమ్మటనే విడువవలెను.